గది ఇస్తున్నాం, ఊరు ఇస్తున్నామా?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో బరంపురం చదువుల కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



ఈ సభలో పట్టు ధర గురించి, నూలు కష్టాల గురించి, పింఛన్ల గురించి మాట్లాడేవాళ్లు ఉన్నారు. మాకంటే బాగా తెలిసినవాళ్లే. మమ్మల్ని చదువుల మీద మాట్లాడమన్నారు. మార్కుల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో చెప్తామని మీరు అనుకుని ఉంటారు. ఆ వివరాలన్నీ కరపత్రంలో వేశాం, పిల్లలకి ఫోన్లలో కూడా పంపాం. ఇక్కడ మేం చెప్పదలచుకున్నది వేరు. చదువుకోవడానికి పరాయి ఊరు వచ్చిన పిల్లకో పిల్లాడికో ఆ ఊరు ఎప్పుడు ఇష్టమవుతుంది? ఎప్పుడు ఎప్పుడెప్పుడు వదిలిపోదామా అనిపిస్తుంది? ఈ రెండు ప్రశ్నలే మా ప్రసంగం.

నేతవాళ్ల సభలో ఈ గోల ఎందుకండీ అని ఎవరైనా అడగొచ్చు. ఒక్కమాటలో చెప్తాం. మా వీధుల్లో ఇప్పుడు మగ్గాల కంటే విద్యార్థుల మంచాలే ఎక్కువ. అందుకని.

మా ఊరు బరంపురం. కాయితాల మీద బ్రహ్మపుర్ అని రాస్తారు గానీ మన నోట్లో బరంపురమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రం అయ్యేవరకు మేం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. తర్వాత సరిహద్దు మారింది, మా ఇళ్లు మారలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బజార్లో రెండూ కలిపి మాట్లాడుకుంటాం. ఇచ్ఛాపురం మాకు పొరుగూరు, పొద్దున్న వెళ్లి మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేయొచ్చు.

మా ఊరికి రెండు పేర్లున్నాయి. ఒకటి పట్టు ఊరు. మన డేరా వాళ్లు, అంటే దేవాంగులు, మహురి రాజుల కాలంలో ఆంధ్ర దేశం నుంచి ఇక్కడికి వచ్చి మగ్గాలు వేశారని పెద్దలు చెబుతారు. గుడి గోపురాల్లాంటి అంచుతో నేసే బరంపురం పట్టుకి 2012లో జీఐ గుర్తింపు వచ్చింది. రెండో పేరు చదువుల ఊరు. ఖల్లికోట కాలేజీ 1878 నాటిది. మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల 1962లో వచ్చింది. గోపాల్‌పూర్ వెళ్లే వైపు భంజ విహార్‌లో విశ్వవిద్యాలయం 1967లో వచ్చింది. 2016లో ఐసర్ వచ్చింది. మొదట్లో ఐటీఐ భవనంలో నడిపారు, ఊరి బయట లౌడిగాం దగ్గర సొంత ప్రాంగణం కట్టారు. మన దేశానికి రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారు 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే, మొదటి చదువులు చదివిందీ ఖల్లికోట కాలేజీలోనే.

అంటే నూట నలభై ఏళ్లకు పైగా ఈ ఊరికి పిల్లలు పెట్టె పట్టుకుని చదువుకోవడానికి వస్తూనే ఉన్నారు. కొరాపుట్, రాయగడ, గజపతి, కలహండి వైపుల నుంచి వస్తారు. శ్రీకాకుళం జిల్లా నుంచి కూడా వస్తారు. ఐసర్ వచ్చాక కేరళ, బెంగాల్, రాజస్థాన్ పిల్లలు కూడా కనిపిస్తున్నారు. హాస్టళ్లలో చోటు దొరికినవాళ్లు అక్కడ ఉంటారు. దొరకనివాళ్లు మన ఇళ్లకొస్తారు.

మన ఇళ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. ముందు అరుగు, లోపల పొడుగ్గా ఒకదాని వెనక ఒకటి గదులు. మగ్గం గది ఇంటికి గుండెకాయ. గుంటమగ్గం కాబట్టి నేలలో గొయ్యి ఉంటుంది, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాం. మగ్గం ఆగిపోయిన ఇంట్లో మొదట చేసే పని ఆ గొయ్యి పూడ్చడం. మట్టి పోసి, పైన సిమెంటు వేసి, గోడలకి సున్నం కొట్టి, ఒక ఫ్యాను తగిలిస్తే అది అద్దె గది అయిపోతుంది. ఎంత గట్టిగా దిమ్మిస కొట్టినా రెండు వానాకాలాలు పోయేసరికి ఆ చోట నేల కొంచెం కుంగుతుంది. మంచం ఒక కాలు ఊగుతుంది. పిల్లలు దాని కింద పాత నోట్‌బుక్కు మడిచి పెట్టుకుంటారు. మా వీధిలో ఇలాంటి మంచాలు చాలా ఉన్నాయి. ఆ మంచం మీద కూర్చుని చదువుకున్నవాళ్లలో ఇప్పుడు డాక్టర్లున్నారు, లెక్చరర్లున్నారు. ఆ నేల ఎందుకు కుంగిందో వాళ్లలో ఎంతమందికి తెలుసు? మేం చెప్పామా? చెప్పలేదు.

అక్కడే మా తప్పు మొదలైందని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ సంగతికి మళ్లీ వస్తాం.

ఈ ప్రసంగం రాసుకునే ముందు మా వీధుల్లో అద్దెకున్న పిల్లల్ని కూర్చోబెట్టి అడిగాం. బాబూ, అమ్మా, ఈ ఊళ్లో మీకేం బాగుంది, ఏం బాగాలేదు, మొహమాటం లేకుండా చెప్పండి అన్నాం. సినిమా హాళ్లు, మాళ్లు అంటారనుకున్నాం. వాటి మాట ఎవరో ఒకరిద్దరు ఎత్తారు, అంతే. మిగతావాళ్లు చెప్పినవన్నీ చిన్న చిన్న విషయాలు. చిన్నవి అంటున్నాం గానీ, రోజూ ఉండేవి అవే.

మొదటిది తిండి. ఇందులో మా ఊరికి మంచి మార్కులే పడ్డాయి. పొద్దున్నే బండి మీద ఇడ్లీ, వడ, పూరీ, ఉప్మా దొరుకుతాయి. ఉప్మా మీద గుగుని పోసి ఇవ్వడం మా ఊరి అలవాటు. శ్రీకాకుళం పిల్లాడికి ఉప్మా ఇంటి రుచి, కటక్ పిల్లాడికి గుగుని ఇంటి రుచి, ఒకే ఆకులో ఇద్దరి ఆకలీ తీరుతుంది. ఎండాకాలంలో మనం చద్దన్నం అంటాం, వాళ్లు పఖాళ అంటారు. పేరు వేరు, కుండ ఒకటే. మా ఊరి ఆవకాయ, అప్పడాలు ఇంటికెళ్లేటప్పుడు సంచిలో పెట్టుకెళ్లని విద్యార్థి లేడు. పిల్లలు చెప్పిన కొరత ఒకటే. పరీక్షల రోజుల్లో రాత్రి పదింటి తర్వాత ఆకలేస్తే ఎక్కడా ఏమీ దొరకదు. బిస్కెట్లు తిని పడుకుంటున్నామన్నారు. పక్క గోడ అవతలే మన వంటిల్లు ఉంటుంది. ఆ మాట వినగానే మా ఆడవాళ్లు తలలు వంచుకున్నారు.

రెండోది దారి. భంజ విహార్ నుంచి ఊళ్లోకి రావాలంటే పగలు పర్వాలేదు. లైబ్రరీలోనో లేబొరేటరీలోనో ఆలస్యమైతే చీకటి పడ్డాక ఆటో దొరకడం కష్టం, దొరికినా ఒంటరిగా ఎక్కాలంటే ఆడపిల్లకి భయం. ఒకమ్మాయి చెప్పింది, నాకు ఊళ్లో అన్నిటికంటే ఇష్టమైనది మీ వీధి మలుపులో ఉన్న మందుల షాపు దీపం అని. అది వెలుగుతూ ఉంటే ఇల్లు వచ్చేసినట్టే అట. ఊరు అందంగా ఉండటం అంటే మనం పార్కులు, బొమ్మలు అనుకుంటాం. ఆ పిల్లకి ఒక దీపం.

మూడోది డబ్బు ఖర్చు పెట్టకుండా కూర్చునే చోటు. ఇది మేం ఎప్పుడూ ఆలోచించని విషయం. చదువుకునే పిల్లల దగ్గర సమయం ఉంటుంది, డబ్బులుండవు. టీ కొట్టు దగ్గర ఎంతసేపు కూర్చుంటారు? రెండో టీ చెప్పకపోతే కొట్టువాడు చూసే చూపు తెలుసు కదా. రామలింగం చెరువు గట్టు ఉంది, సాయంత్రం కాసేపు గాలికి బాగుంటుంది. ఆదివారం గోపాల్‌పూర్ సముద్రం ఉంది, బస్సు టిక్కెట్టు ఉంటే చాలు, అలలు చూడటానికి ఎవరూ డబ్బులడగరు. ఐసర్‌లో చదివే ఒక కుర్రాడు, సముద్రం లేని ఊరి నుంచి వచ్చినవాడు, ఈ ఊరికొచ్చిన మొదటి ఏడాది నన్ను నిలబెట్టింది ఆ సముద్రమే అన్నాడు. కానీ వానాకాలంలో ఎక్కడికెళ్లాలి? గదిలో నలుగురున్నప్పుడు ఒకడు పడుకుంటాను, ఒకడు చదువుకుంటాను అంటే ఎలా? చదువుకోవడానికి ఓ బల్ల, ఓ కుర్చీ, ఓ దీపం ఉన్న చోటు ఒక్కటి చూపించండి అన్నారు. మా దగ్గర జవాబు లేదు.

నాలుగోది భాష. ఇక్కడ మా ఊరు గొప్పదే అని చెప్పుకోవచ్చు. ఏ భాషలో అడిగినా ఏదో ఒక భాషలో జవాబొస్తుంది. వైద్య కళాశాల ఆసుపత్రికి ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కూడా రోగులొస్తారు. నొప్పి ఎక్కడమ్మా అని అడగడానికి ఒడియా పిల్లలు కష్టపడి తెలుగు నేర్చుకుంటారు. మా అరుగుల మీద కూర్చుని నేర్చుకున్నవాళ్లున్నారు. కడుపులో మంటా, పోటా, తిప్పుతోందా అన్న తేడా మా మామ్మగార్లే నేర్పారు. ఆ మూడు మాటల తేడా తెలిస్తే రోగికి సగం ధైర్యం వస్తుంది. ఊరు విద్యార్థికి ఇచ్చేది అంటే ఇలాంటివి. కాలేజీ పుస్తకంలో ఇవి దొరకవు.

ఐదోది చివర్లో, కొంచెం నెమ్మదిగా చెప్పారు. పేరు. మమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉంటే బాగుంటుంది అన్నారు.

ఇప్పుడు రెండు సంగతులు చెప్తాం. ఒకటి మాకు గర్వం, ఒకటి సిగ్గు.

2013 అక్టోబరు 12. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి. దసరా సెలవులు, కాబట్టి చాలామంది పిల్లలు ముందే ఊళ్లకెళ్లిపోయారు. రైళ్లు రద్దయి మా వీధిలో కొందరు చిక్కుకుపోయారు. సాయంత్రమే వాళ్లని గదుల్లోంచి మా ఇళ్లలోకి తెచ్చేసుకున్నాం. గాలి మొదలయ్యాక ఎవరి కొడుకు ఎవరు అన్న లెక్క లేదు. ఒక ఇంటి పెంకులు లేచిపోయి మగ్గం గదిలోకి నీళ్లు దిగుతున్నాయి, మగ్గం మీద సగం నేసిన పట్టు ఉంది. ఆ పిల్లలే దుప్పట్లు, పరుపులు, ఆఖరికి తమ పుస్తకాల మీద కప్పిన ప్లాస్టిక్ పట్టలు కూడా తెచ్చి మగ్గం మీద కప్పారు. పుస్తకాలు తడిశాయి, పట్టు తడవలేదు. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. పడిపోయిన చెట్లు నరికారు, బావిలోంచి నీళ్లు తోడి ముసలివాళ్ల ఇళ్లకి మోశారు. మేం వండాం, వాళ్లు తిన్నారు. ఒక్కోసారి వాళ్లు వండారు, మేం తిన్నాం. ఆ కుర్రాళ్ల పేర్లు మా వీధిలో ఇప్పటికీ అందరికీ తెలుసు. ఉద్యోగాలొచ్చాక కూడా పండక్కి ఫోన్ చేస్తారు. ఒకతను తన పెళ్లికి చీర మా వీధిలోనే నేయించుకున్నాడు.

ఇది గర్వం. ఇక రెండోది.

తుఫాను తర్వాత చాలా ఇళ్లు బాగుచేసుకోవాల్సి వచ్చింది. అప్పులు చేశాం. అప్పు తీరాలంటే అద్దెలు రావాలి. మగ్గాలు తగ్గుతూ వచ్చాయి, గదులు పెరుగుతూ వచ్చాయి. ఒక గదిని రెండు చేశాం. డాబా మీద రేకులు వేసి మూడోది చేశాం. ఎవరినీ తప్పుపట్టడం లేదు, మేం కూడా వేసినవాళ్లమే. గదులు పెరిగేకొద్దీ పిల్లలు మాకు మనుషులుగా కనిపించడం మానేసి నెల మొదటి తారీకుగా కనిపించడం మొదలుపెట్టారు. తలుపుల మీద కాయితాలు అంటించాం. రాత్రి ఎనిమిదిన్నరకి గేటు మూస్తాం. నీళ్లు పొద్దున్న గంటసేపే. చుట్టాలు రాకూడదు. ఇస్త్రీ పెట్టె వాడకూడదు. ఇంకో మాట కాయితం మీద రాయకుండా నోటితో చెప్పేవాళ్లం. మీరేమిట్లు అని అడిగి, జవాబు నచ్చకపోతే గది ఖాళీ లేదనేవాళ్లం. ఈ మాట సభలో చెప్పడం కష్టంగానే ఉంది. అయినా చెప్పకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

అలాంటి రోజుల్లో మా వీధిలో కొరాపుట్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. పేరు ఇక్కడ చెప్పం. సైన్సు చదివేది. వెళ్లడం, రావడం, తలుపేసుకోవడం. గొడవ లేని పిల్ల అని మంచిదనుకునేవాళ్లం. ఒక ఎండాకాలం ఇంటివాళ్లు పెళ్లికని ఊరెళ్లారు. పక్క గదుల్లో పిల్లలు పరీక్షలైపోయి వెళ్లిపోయారు. ఆ పిల్లకి జ్వరం వచ్చింది. రెండు రోజులు గదిలోనే పడి ఉంది. వీధి కుళాయి దగ్గరకి రావడం లేదని ఎవరూ గమనించలేదు. మూడో రోజు పొద్దున్న గిన్నెలు తోమే మనిషి, మన ఇళ్లలో అందరికంటే తక్కువ జీతం తీసుకునే ఆవిడ, తలుపు కొట్టి, కిటికీలోంచి చూసి కేకలేసింది. ఆసుపత్రికి తీసుకెళ్లాం. దేవుడి దయవల్ల తేరుకుంది.

తేరుకున్నాక వాళ్ల నాన్న వచ్చి సామాను సర్దుకున్నారు. ఆయన ఏమీ అనలేదు, పైగా చేతులు జోడించి దండం పెట్టారు. ఆ పిల్లే వెళ్తూ వెళ్తూ అంది. "మావుసీ, ఈ వీధిలో ఏడాది ఉన్నాను. ఎన్నింటికొచ్చావు, ఎవరితో వచ్చావు అని అందరూ అడిగారు. తిన్నావా అని ఒక్కరూ అడగలేదు."

ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. మా పిల్లలు కూడా బయట ఊళ్లలోనే చదువుతున్నారు. హైదరాబాదు, బెంగుళూరు, భువనేశ్వర్. మా వీధి కుర్రాడొకడు బెంగుళూరులో చదివేటప్పుడు ఉగాదికి ఇంటికి రాలేకపోయాడు. అక్కడి ఇంటావిడ పిలిచి ఒబ్బట్టు పెట్టిందట. ఫోన్లో చెప్పాడు, వాళ్లమ్మ ఆ ఇంటావిడని చూడకుండానే నెలరోజులు దీవించింది. అదే అమ్మ ఇంట్లో అద్దెకున్న పిల్లలు ఆ పండగనాడు బయట బండి దగ్గర ఇడ్లీ తిన్నారు. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. తట్టలేదు, అంతే. తట్టకపోవడమే మన జబ్బు.

ఆ తర్వాత మా చదువుల కమిటీలో కొన్ని నిర్ణయాలు చేసుకున్నాం. పెద్ద పెద్దవి కావు.

ఒకటి, ప్రతి వీధికీ ఒక నోటు పుస్తకం పెట్టాం. అద్దెకున్న ప్రతి పిల్ల, పిల్లాడి పేరు, ఊరు, ఇంట్లోవాళ్ల ఫోను, ఏ మందు పడదు అన్న వివరం అందులో రాస్తాం. అది నిఘా కోసం కాదని ముందే చెప్పి, వాళ్లకిష్టమైతేనే రాస్తాం. 

రెండు, పరీక్షల నెలలో వంతుల వారీగా రోజుకొక ఇల్లు రాత్రి పదిన్నర దాకా పొయ్యి ఆర్పదు. ఉప్మా అయినా సరే, చద్దన్నం అయినా సరే. పిల్లలు ఇవ్వగలిగింది డబ్బాలో వేస్తారు, లేనివాళ్లు వేయరు. ఎవరు వేశారో చూడకూడదన్నది నియమం.

మూడు, గేటు తాళం. ఆడపిల్లల గేటు ఎనిమిదిన్నరకి మూసి, మగపిల్లలకి పదకొండింటి దాకా తెరిచి ఉంచడం భద్రత ఎలా అవుతుందని పిల్లలే నిలదీశారు. లైబ్రరీలో చదువుకుని వచ్చే పిల్ల తొమ్మిదింటికి వీధిలో నిలబడాల్సి వస్తే భయం లోపలా, బయటా? ఇప్పుడు కొన్ని ఇళ్లలో అందరికీ ఒకటే వేళ. కొన్ని ఇళ్లు ఒప్పుకోలేదు, మాట్లాడుతూనే ఉన్నాం.

నాలుగు, గది అడిగేవాళ్లని కులం, మతం అడగకూడదు. ఇది తీర్మానంగా రాసుకున్నాం. రాసుకున్నంత తేలిగ్గా అమలవడం లేదు. అయినా రాసుకోవడం ముఖ్యం, రేపు మన మనవలు అది చదువుతారు.

ఐదు, కొత్తగా వచ్చిన పిల్లలని మొదటి నెలలో ఒకరోజు ఇంకా మగ్గం ఆడుతున్న ఇంటికి తీసుకెళ్తున్నాం. గుంటలో కాళ్లు పెట్టి కూర్చోబెట్టి, నాడె చేతికిచ్చి, పడుగు ఏది, పేక ఏది చూపిస్తున్నాం. మీ గదిలో నేల ఎందుకు కుంగిందో తెలిసిందా అని అడుగుతున్నాం. దాంతో వాళ్లకి మేం అద్దె వసూలు చేసుకునేవాళ్లుగానే మిగలకుండా పోయాం. ఐసర్ పిల్లలు అల్లిక లెక్కల గురించి అడిగే ప్రశ్నలకి మా పెద్దాయన ఒకరు మధ్యాహ్నం భోజనం మానేసి జవాబులు చెప్పారు. ఆయన్ని ఇంత శ్రద్ధగా ఎవరూ ఎప్పుడూ ఏదీ అడగలేదట.

పండగ సంగతి కూడా చెప్పాలి. మా బుఢి ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. వారాల తరబడి ఊరు నిద్రపోదు. పులి వేషాలు, దేవతల వేషాలు, మొక్కులు, రాత్రి ఊరేగింపులు. ఎండాకాలం మొదట్లో వస్తుంది, సరిగ్గా పిల్లలు పరీక్షలకి చదువుకునే రోజులు. మైకుల హోరుకి చెవుల్లో దూది పెట్టుకుని చదివామన్నారు. మైకు వేళలు తగ్గించమని మేమే ముందుకొచ్చి అడగాలి. అమ్మవారికి వినపడాలంటే అంత చప్పుడు అక్కర్లేదు. అదే పిల్లలు, పరీక్ష అయిపోయిన రాత్రి, మా వీధి ముందు పులి వేషం వెనక గంతులేశారు. ఆ ఊరేగింపు చూడకపోతే బరంపురంలో చదివినట్టే కాదు అన్నారు. అంటే వాళ్లకి పండగ వద్దని కాదు. పండగలో తమకీ చోటు కావాలి, తమ చదువుకీ చోటు కావాలి.

ఈ యాత్రలో ఒక సంగతి మిగతా ఊళ్లవాళ్లకి తెలియకపోవచ్చు. యాత్ర రోజుల్లో అమ్మవారు పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు ఎక్కడో తెలుసా? దేశిబెహెరా వీధిలో. నేతవాళ్ల పెద్ద దేశిబెహెరాని అమ్మవారికి తండ్రిగా ఊరంతా ఒప్పుకుంటుంది. బతుకు వెతుక్కుంటూ, వేరే భాషతో, వేరే నేల నుంచి వచ్చినవాళ్లం మనం. మనల్ని ఈ ఊరు అద్దెకున్నవాళ్లుగా చూసి ఉంటే ఆ వరస మనకి దక్కేదా? తన దేవతకే తండ్రి వరస ఇచ్చింది ఈ ఊరు మనకి. వచ్చినవాళ్లని ఎలా చూడాలో ఇంతకంటే ఎవరు నేర్పాలి?

ఇప్పుడు మీ సలహా కావాల్సిన విషయం. మాకు వీధిలో ఒక కల్యాణ మండపం ఉంది. పెళ్లిళ్లకి అద్దెకిస్తాం. ఆ డబ్బుతోనే గుడి దీపం, ఒంటరి ఆడవాళ్లకి నెలనెలా బియ్యం నడుస్తున్నాయి. ఆ మండపాన్ని రోజూ సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా పిల్లలకి చదువుకునే చోటుగా ఇవ్వాలని కమిటీలో కొందరం అన్నాం. బల్లలు, కుర్చీలు, మంచి దీపాలు, తాగే నీళ్లు, ఆడపిల్లలకి విడిగా బాత్రూము. అంతే కావాలి. ఇస్తే సాయంత్రం ముహూర్తాల పెళ్లిళ్లు పోతాయి, ఆదాయం తగ్గుతుంది. పెద్దలు కొందరు వద్దన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. ఎవరో ఊరి పిల్లల చదువు కోసం మన ముసలమ్మ బియ్యం ఆపుతామా అని అడిగారు. ఆ ప్రశ్నని కొట్టిపారేయలేం.

ఒక ఏడాది అరకొరగా చేసి చూశాం. పెళ్లిళ్లు లేని రోజుల్లో తెరిచాం. మూఢాల్లో బాగా నడిచింది. ముహూర్తాలు మొదలవగానే పిల్లలు పుస్తకాలు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, సన్నాయి విని వెనక్కెళ్లిపోయేవారు. నెలకి పది రోజులు తెరిచి ఉండే చోటు మీద ఎవరూ ఆధారపడలేరని అర్థమైంది. వేళకి తెరిచి ఉంటుందన్న నమ్మకం లేకపోతే అది చదువుకునే చోటు అవ్వదు.

అందుకని మధ్యేమార్గం ఒకటి పెడుతున్నాం. మండపం పెళ్లిళ్లకే ఉండనిద్దాం. మండపం వెనక మూతబడి ఉన్న మగ్గాల షెడ్డు బాగుచేద్దాం. విరిగిన మగ్గాలు, తుప్పు పట్టిన పెట్టెలు తప్ప అందులో ఏమీ లేవు. ఒక మగ్గం మాత్రం బాగుచేసి గోడ పక్కన ఉంచుదాం, అందరికీ కనిపించేలా. అద్దెలొచ్చే ప్రతి ఇల్లూ, ఏడాదికి ఒక గది ఒక నెల అద్దె దీనికివ్వాలి. ముసలమ్మ బియ్యం తగ్గదు, పిల్లలకి చోటు దొరుకుతుంది. పిల్లల మీద సంపాదించినదాంట్లోంచి పిల్లలకి కొంచెం తిరిగివ్వడమే ఇది, దానం అనుకోవద్దు. మా వీధుల్లో కొన్ని ఇళ్లవాళ్లు ఇప్పటికే సరేనన్నారు. మిగతావాళ్లు వచ్చే నెల మా వీధి సభలో చెప్తామన్నారు. వాళ్లలో కొందరు ఈ సభలోనే ఉన్నారు, అందుకే ఇంత వివరంగా చెప్తున్నాం.

మిగతా ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఒక మనవి. షోలాపూర్‌లో విశ్వవిద్యాలయం 2004లో వచ్చింది. సేలంలో పెరియార్ విశ్వవిద్యాలయం 1997లో వచ్చింది. మీ పేటల్లో కూడా మగ్గం గదులు అద్దె గదులవుతూనే ఉంటాయి. తిరిగి వెళ్లాక మీ వీధిలో అద్దెకున్న పిల్లల్ని ఒకసారి కూర్చోబెట్టి మేం అడిగిన ప్రశ్నే అడగండి. ఏం బాగుంది, ఏం బాగాలేదు. చెప్పింది వినండి, మధ్యలో అడ్డం రాకండి. మాకు అదే అన్నిటికంటే కష్టమైంది.

పిల్లలకి కూడా ఒక మాట. ఊరు ఇష్టమవ్వాలంటే సగం పని మీదీ ఉంది. ఇంటివాళ్ల పేరు తెలుసుకోండి. మామ్మగారికి ఫోన్‌లో ఫోటో ఎలా పంపాలో చూపించండి. మా చిన్నపిల్లలకి సాయంత్రం లెక్కలు చెప్పండి. ఊరెళ్తుంటే చెప్పి వెళ్లండి, వచ్చాక వచ్చామని చెప్పండి. ఇది అనుమతి అడగడం కాదు. మీరు రాకపోతే గమనించేవాళ్లు ఒకరుండాలి, అందుకు.

ఇంతకు మించి పెద్ద సిద్ధాంతమేమీ మా దగ్గర లేదు. చదువుకునే పిల్లలకి ఊరు బాగుండాలంటే కడుపు నిండాలి, దారిలో దీపం వెలగాలి, కూర్చోవడానికి చోటుండాలి, కనపడకపోతే వెతికే మనిషుండాలి. మొదటి మూడింటికీ డబ్బు కావాలి, సంపాదించుకుందాం. నాలుగోదానికి డబ్బక్కర్లేదు. ఈ రాత్రి ఇంటికెళ్లాక మీ పక్క గది తలుపు ఒక్కసారి తట్టి, తిన్నావా అని అడగండి. అక్కణ్నుంచి మొదలుపెడదాం.